అత్తమ్మ పేరున తీసిన వాగ్దానం

చౌటుప్పల్,
2 జనవరి 2019

అత్తమ్మకు,

నీ స్వర్ణ వందనాలు. నేనూ నీ అల్లుడు ఎల్లేషూ బాగున్నాం. కొత్త సంవత్సరంలో నీ మోకాళ్లకు దేవుడు కొంచెం బలం ఇవ్వాలని మొదటి ప్రార్థన చేశాను.

మొన్న సంవత్సరాంతపు ఆరాధన బాగా జరిగింది. ఆఖరున ఎప్పటిలాగే వాగ్దాన కార్డులు పళ్లెంలో పెట్టి తిప్పారు. ఒక్కో కార్డు మీద ఒక్క బైబిలు వాక్యం, అక్షరాలు కనబడకుండా మడిచి ఉంటుంది. ఎవరి చేతికి ఏది వస్తే అది వాళ్లకు ఆ ఏటి వాగ్దానం. రాలేని పెద్దవాళ్ల పేరున ఇంటివాళ్లు తీయవచ్చని పాస్టరు దశరథం గారు చెప్పారు. ముందు నీ పేరున ప్రార్థించి ఒకటి తీశాను, తర్వాత నాది. కలిసిపోకుండా నీ కార్డు వెనక పెన్సిలుతో నీ పేరు రాసి, ఈ ఉత్తరంలో పెట్టాను. విప్పి చూడలేదు. ఎవరి వాగ్దానం వాళ్లే ముందు చదవాలని చిన్నప్పుడు నువ్వే నేర్పావు.

నాకు వచ్చింది వింటే నవ్వుతావు. ఊరకుండి నమ్మిక ఉంచితే బలం కలుగుతుందట. పొద్దస్తమానం ఇంట్లో ఉండేదాన్ని, ఇంకా ఎంత ఊరకుండను? ఎల్లేష్ అయితే, "నీ నోటి సంగతి దేవునిదాంక పోయిందన్నట్టు!" అన్నాడు. ఆ కార్డును పొయ్యి పక్కన అలమారా తలుపు మీద మైదా జిగురుతో అంటించాను, వంట చేసేటప్పుడల్లా కనబడాలని.

ఈసారి కూడా నోటుబుక్కులో గళ్లు గీసుకున్నాను. రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. ఆదికాండం మొదలయింది. పొద్దున నాలుగున్నరకు లేచి, మూడూ చదివి, మూడు గళ్లలో టిక్కులు పెట్టుకున్నాకే పొయ్యి వెలిగిస్తాను.

పదకొండేళ్లుగా అడుగుతున్న మాటే మళ్లీ అడుగుతున్నాను. వానాకాలంలో స్నానాలగదిలో జారిపడ్డావు. పక్కింటి మారెమ్మ రాకపోయి ఉంటే ఎంతసేపు అలా పడి ఉండేదానివో. ఇక్కడ ముందు గది ఖాళీగా ఉంది. వచ్చి మాతో ఉండు. ఫోనులో అడిగితే వినబడడం లేదంటావు. అందుకే కాగితం మీద పెట్టాను. కాగితానికైతే చెవుడు సాకు చెప్పలేవు.

నీ
స్వర్ణ


దేవరకొండ,
12 జనవరి 2019

ప్రియమైన స్వర్ణకు,

అత్త ఆశీర్వాదాలు. ఉత్తరం అందింది, అందులో కార్డు కూడా. వెనక నా పేరు రాశానన్నావు, నా కళ్లకు కనబడలేదు. పెన్సిలు కదా, దారిలో చెరిగిపోయి ఉంటుంది.

కార్డు విప్పాను. అబ్రాహాముకు చెప్పిన మాట వచ్చింది. నీ ఊరినీ నీ వాళ్లనూ విడిచి, నేను చూపించే చోటికి బయలుదేరు అని. డెబ్భై ఒక్క ఏళ్ల వయసులో.

నువ్వు అడిగినప్పుడల్లా ఎందుకు రానన్నానో నీకు తెలుసు. ముప్పై ఏళ్లు బైబిలు స్త్రీగా ఊరూరూ నడిచి వాక్యం చెప్పినదాన్ని. మోకాళ్లు పోయాక ఊళ్లు మానుకున్నాను గానీ మా అరుగు మీద తెల్లవారుజాము ప్రార్థన ఒక్కనాడూ మానలేదు. పత్తి ఏరడానికో బత్తాయి తోటల్లోకో పోయే ఆడవాళ్లు తొమ్మిది మంది సద్ది గిన్నెలతోనే వచ్చి కూర్చుంటారు. ఒక కీర్తన, ఒక పాట, ఒక ప్రార్థన. ఆరింటికి కూలి ఆటో వచ్చి హారన్ కొడుతుంది. అంతే, ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల కోసమే రోజంతా బతుకుతున్నానని ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు నీతో అంటున్నాను.

కానీ నీ మాట పదకొండేళ్లు కాదన్నాను, ఆయన మాట ఎలా కాదనను? పత్తి ఏరడం అయిపోయేదాకా ఆగు. ఫిబ్రవరి ఆఖరుకు వస్తాను. మారెమ్మతో చెబితే, "గిదేంది గోవిందవ్వా, దేవునికి చౌటుప్పల్ల ఏం పని వడ్డది?" అని అడిగింది.

నీ అత్త
గోవిందమ్మ


చౌటుప్పల్,
19 జనవరి 2019

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి పొయ్యి మీది పాల సంగతే మరచిపోయాను. పొంగి పొయ్యి అంతా పారాయి. నిజంగా వస్తున్నావా? ఎల్లేష్‌కు చదివి వినిపిస్తే, "పదకొండేండ్లు నువ్వు జెప్పినా కాలే, ఒక్క కార్డు జెప్పంగనే అయింది. నాక్కూడ గా కార్డులు రెండు ఇప్పియ్యి, నీతో పనులుంటయి" అన్నాడు. పైకి అలా అంటాడు గానీ మరునాడే ముందు గదికి సున్నం వేయించాడు.

గదిలో నీ కోసం ఎత్తు తక్కువ మంచం వేశాను. స్నానాలగదిలో గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించాను. నీ పెద్దక్షరాల బైబిలుకు కిటికీ పక్కన చిన్న బల్ల సిద్ధం చేశాను. వేడినీళ్లకు గీజరు ఉంది.

నీకు ఇక్కడ ఏ పనీ ఉండదు. పొద్దున ఐదింటికి లేవనక్కరలేదు. కావాలంటే టీవీలో రోజంతా వాక్యం వస్తుంది, శబ్దం ఎంత పెంచినా ఎవరూ ఏమనరు. నన్ను తొమ్మిదో ఏట చేతికి తీసుకుని పెంచావు. ఇక కూర్చుని తినే రోజులు నీవి.

ఇక్కడ నిర్గమకాండం నడుస్తోంది. ఇంతవరకు ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

నీ
స్వర్ణ


దేవరకొండ,
30 జనవరి 2019

స్వర్ణా,

ప్రభువు నీకు తోడుండుగాక. నీ ఏర్పాట్లన్నీ చదివాను. నా మీద నీకు ఎంత ప్రేమో తెలుసు బిడ్డా.

ఇక్కడ ఒక్కొక్కటి అప్పగిస్తున్నాను. కోళ్లను మా ప్రార్థనకు వచ్చే ప్రమీలమ్మకు ఇచ్చాను. ఎర్రపెట్ట మూడుసార్లు తిరిగి వచ్చింది, మూడుసార్లూ ఆమె వచ్చి పట్టుకుపోయింది. ప్రార్థనను మారెమ్మకు అప్పగించాను. ఆమెకు చదువు రాదని నీకు తెలుసు. "సదువు రాని దాన్ని నన్ను కూసోవెడ్తవా? తప్పు జదువుత గదా" అన్నది. సాయంత్రం పూట నేను కీర్తన చదివి వినిపిస్తాను, ఆమె పొద్దున కంఠస్థం చెబుతుంది అని ఏర్పాటు చేశాం. మొదటి రోజు సగంలో మరచిపోయి, "ఇగ మిగిలింది దేవునికి ఎర్కనే, ఆయనదే గదా" అని ముగించింది. అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. నా చాప మీద ఇంకొకరు కూర్చోవడం అంత కష్టంగా ఉంటుందని అనుకోలేదు.

ఒక మాట అడగాలి. మీ దగ్గర పొద్దున ప్రార్థనకు ఎవరెవరు వస్తారు? ఏ పనీ ఉండదని రాశావు. ఏ పనీ లేని చోటికి దేవుడు నన్ను ఎందుకు పిలుస్తున్నాడో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. అయినా వస్తాను. తెలియకుండానే బయలుదేరడం విశ్వాసం అని నేనే అందరికీ చెప్పిన మాట.

అత్త
గోవిందమ్మ


చౌటుప్పల్,
9 ఫిబ్రవరి 2019

అత్తమ్మకు వందనాలు.

ఉత్తరం అందింది. ఇక్కడ ప్రార్థనకు ఎవరూ రారు. చుట్టూ కిరాయిల వాళ్లే, ఎవరి డ్యూటీలు వాళ్లవి. నేను ఒక్కదాన్నే చదువుకుంటాను.

నువ్వు రావడం గురించి ఒకటే మాట. తొందరేమీ లేదు. కోళ్లు, ఇల్లు అన్నీ ఇప్పుడే ఇచ్చేయవద్దు. ఇంకొకసారి బాగా ఆలోచించు. గది ఎక్కడికీ పోదు.

ఈ వారం ఒంట్లో బాగాలేదు. ఎక్కువ రాయలేను.

స్వర్ణ


దేవరకొండ,
14 ఫిబ్రవరి 2019

స్వర్ణకు,

ఒంట్లో ఎలా ఉంది? దవాఖానకు పోయావా?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రమ్మని పదకొండేళ్లు అడిగినదానివి, వస్తానన్నాక తొందర లేదంటున్నావు. నేను వస్తే అల్లునికి ఇబ్బంది అయితే దాచకు బిడ్డా. చెవిటిదాన్ని, అందరూ గట్టిగా అరవాలి, పక్కింటివాళ్లకు ఇంటి గుట్టంతా తెలిసిపోతుంది. నిజం చెబితే నొచ్చుకోను. మందిరం వెనక గది ఇస్తామని మా సంఘపెద్దలు అన్నారు, అక్కడైనా ఉంటాను. అదీ నా ఇల్లు కాదు కదా. బయలుదేరినట్టే అవుతుంది.

గోవిందమ్మ


చౌటుప్పల్,
15 ఫిబ్రవరి 2019

అత్తమ్మా,

ఇది రాయడానికి ఎనిమిది రోజులు పట్టింది. మారెమ్మ ఫోనుకు చేసి చెప్పించవచ్చు. కానీ ఇది ఇంకొకరి నోటితో చెప్పించే మాట కాదు.

ఆరో తారీఖు బుధవారం మధ్యాహ్నం, అన్నం ఆవిరికి అలమారా మీది కార్డు ఊడి కింద పడింది. తీసి చూస్తే వెనక పెన్సిలుతో నా చేతిరాత. గోవిందమ్మ.

నీ కార్డు నా అలమారా మీద ఉంది. నాది నీకు పంపాను. సరిగ్గా అంటించే వేళకు ఎల్లేష్ డ్యూటీ నుంచి వచ్చి చాయ్ అడిగాడు. రెండు కార్డులూ బల్ల మీదనే ఉన్నాయి. ఒకటి విప్పి చదివి అంటించాను, రెండోది నీ ఉత్తరంలో పెట్టాను. వెనక తిప్పి చూసుకోలేదు. ఉప్పు డబ్బాకు కూడా చీటీ అంటించేదాన్ని, ఆ ఒక్కటి చూసుకోలేదు. వెనక పేరు కనబడలేదని నువ్వు రాసినప్పుడైనా నాకు తట్టాలి. నువ్వు వస్తున్నావన్న సంతోషంలో ఆ వాక్యం మీద నా కన్ను నిలవలేదు.

నీ పేరున తీసింది ఊరకుండమనే మాట. ఉన్నచోటనే ఉండు అని.

తప్పు అది కాదు అత్తమ్మా. పొరపాటు ఎవరికైనా అవుతుంది. నా తప్పు ఆ తర్వాతిది. నిజం తెలిశాక మూడో రోజున నీకు ఉత్తరం రాసి కూడా చెప్పలేదు. ఒంట్లో బాగాలేదని రాశాను, ఒళ్లు బాగానే ఉంది. నిజం చెబితే నువ్వు రావు. చెప్పకపోతే వస్తావు. నువ్వు అక్కడ స్నానాలగదిలో పడి ఉన్నావని తెలిసిన రోజు నా ప్రాణం ఎంత కొట్టుకుందో నీకు తెలియదు. దేవుడే ఆ కార్డులు తారుమారు చేశాడేమో, నేనెందుకు అడ్డం పోవాలి అని కూడా అనుకున్నాను. ఇంత మంచి సాకు నాకు ఎన్నడూ దొరకలేదు.

మరునాడు గురువారం. నోటుబుక్కు ప్రకారం చదవవలసినవి సంఖ్యాకాండం ఐదు, ఆరు, ఏడు. ఐదో అధ్యాయంలోనే ఉంది, తప్పు చేసినవాడు దాన్ని ఒప్పుకోవాలి, ఎవరికి నష్టం చేశాడో వాళ్లకు తిరిగి ఇవ్వాలి అని. ఎన్నిసార్లు చదివి ఉంటాను! ఎప్పుడూ ఎవరి గురించో అనుకుని టిక్కు పెట్టి దాటిపోయాను. ఈసారి పెన్ను కదలలేదు. ఆరో అధ్యాయంలో యాజకులు పలికే ఆశీర్వాదం ఉంది, నువ్వు రోజూ నా తల మీద చెయ్యిపెట్టి చెప్పినదే. ఐదు దాటకుండా దాని దగ్గరికి పోలేకపోయాను. ఎనిమిది రోజుల గళ్లు ఖాళీగా ఉన్నాయి.

ఎల్లేష్‌కు నిన్న చెప్పాను. వేళాకోళం చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. "గామె తన తెల్లారుగట్ల ప్రార్థనంత ఇంకోలకు అప్పజెప్పింది గద, స్వర్ణా. రాయి. ఇయ్యాల్నే రాయి" అన్నాడు.

నీ కార్డు ఇందులో పెడుతున్నాను. వెనక నీ పేరు ఉంది, ఈసారి చూసుకున్నాను. నీ కోళ్లు పోయాయి, నీ చాప పోయింది, నా వల్ల. నన్ను క్షమించు.

స్వర్ణ


దేవరకొండ,
22 ఫిబ్రవరి 2019

నా బిడ్డ స్వర్ణకు,

మన ఉత్తరాలు రెండూ దారిలో ఎదురెదురుగా పోయినట్టున్నాయి. పద్నాలుగున నేను రాసిన అల్లుని ఇబ్బంది మాట మరచిపో. ఆయనకు నా వందనాలు చెప్పు. సున్నం డబ్బులు దండగ చేయించినందుకు కూడా.

ముందు నా సంగతి చెబుతాను, తర్వాత నీ సంగతి. యాభై ఏళ్లు గ్రంథం చదివినదాన్ని, వేలెడు కాగితం చూసి ఇల్లు సర్దుకున్నాను. ఆ కార్డు వచ్చినప్పటి నుంచి ఒక్కనాడైనా మోకాళ్లూని, ప్రభువా ఇది నీ మాటేనా అని అడగలేదు. అవునంటాడేమోనని భయం. లోపల అలక కూడా. చెబితే నమ్మవు, మూడు వారాలు నేను సొంతంగా బైబిలు తెరవలేదు. మారెమ్మకు చదివి వినిపించడమే, నా కోసం ఒక్క అధ్యాయం చదవలేదు. నీవి ఎనిమిది రోజుల గళ్లు ఖాళీ, నావి ఇరవై ఒకటి. గళ్లు గీసుకోలేదు కాబట్టి ఎవరికీ కనబడలేదు.

నీ ఉత్తరాన్ని బుధవారం పొద్దున అరుగు మీద అందరికీ చదివాను. కోపం తెచ్చుకోకు. వెళ్తున్నానని వాళ్ల దగ్గర ఏడ్చి చెప్పాను, నిజం కూడా వాళ్ల ముందే చెప్పాలి. ప్రమీలమ్మ మొదట అన్న మాట, "పోకుంటే మంచిదే గని, కోళ్లు మాత్రం నేనియ్య. గుడ్లు వెడ్తున్నయి." అందరూ నవ్వారు, ఈసారి నేను కూడా.

మారెమ్మ మాత్రం నవ్వలేదు. మెల్లగా లేచి, చాప నా వైపు జరిపి, వెనక్కి పోయి గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె ముఖం చూశాను. నెల కింద నా ముఖం ఎలా ఉండి ఉంటుందో అలాగే ఉంది. ఈ నెలలో ఆమె పదమూడు కీర్తనలు నోటికి నేర్చుకుంది, స్వర్ణా. ఆటోవాడు హారన్ కొడితే, "ఆగురా, ఇంక ఆమేన్ అనలే!" అని గద్దిస్తుంది. వాడు ఆగుతాడు. నా రోజుల్లో ఎన్నడూ ఆగలేదు.

"కూసో మారెమ్మా. రేపు గూడ నువ్వే" అన్నాను.

"మరి నువ్వు?" అన్నది.

"నేను నీ పక్కకు కూసుంట. చెవులు వినబడయి గద, జర గట్టిగ జెప్పు."

అప్పటి నుంచి పక్కనే కూర్చుని వింటున్నాను. ఇన్నేళ్లూ చెప్పడమే తెలిసినదాన్ని. వినడం కూడా ఒక పని అని ఇప్పుడే తెలుస్తోంది. చాపను తిరిగి తీసుకోను, ఊరిని విడిచి రాను.

ఇక నీ సంగతి. క్షమించమని అడిగావు. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసిన క్షణమే అది అయిపోయింది. నేను పడినప్పుడు నీ ప్రాణం ఎంత కొట్టుకుందో నాకు తెలియదని రాశావు. తెలుసు బిడ్డా. అందుకే ఒకటి ఒప్పుకున్నాను, మారెమ్మ చిన్న కూతురు ఇక నా ఇంట్లోనే పడుకుంటుంది. నువ్వు పెట్టించినట్టే కడ్డీ కూడా పెట్టిస్తున్నాను.

నీ దగ్గరికి రావాలని నాకూ ఉంది. కార్డు చెప్పిందని కాదు, నిన్ను చూసి ఏడాదిన్నర అయిందని. మార్చిలో కొన్నాళ్లు వస్తాను. ఒకటే షరతు. నన్ను ఉంచుకోవడానికి పిలవవద్దు, పంపడానికి పిలువు. అలా పిలవగలిగితే రాయి.

ఐదో అధ్యాయం అయిపోయింది. ఇక ఆరోది చదువుకో.

అత్త
గోవిందమ్మ


చౌటుప్పల్,
1 మార్చి 2019

అత్తమ్మకు,

మనసు తేలికై రాస్తున్నాను, నీ స్వర్ణను.

నీ ఉత్తరం వచ్చిన మరునాడు పొద్దున ఆరో అధ్యాయం చదివాను. ఆశీర్వాదం దగ్గర ఆగి, నువ్వు చెప్పినట్టే పైకి చదివాను. నా తల మీద నేనే చెయ్యి పెట్టుకోవలసి వచ్చింది, అది కొంచెం వింతగా ఉంది. ఖాళీ గళ్లలో తర్వాత టిక్కులు పెట్టి నింపలేదు, అలాగే వదిలేశాను. అవి కూడా ఈ ఏటి లెక్కే.

ఇక్కడ ప్రార్థనకు ఎవరూ రారని రాశాను కదా. నిజమే. కానీ ఎవరినీ పిలిచింది లేదని రాయలేదు. నాలుగేళ్లుగా గోడకు అవతల ఉన్న మమతను మొన్న మొదటిసారి పిలిచాను. ఆమె భర్త కూడా ఎల్లేష్ పనిచేసే కంపెనీలోనే. "వొస్త గని అక్కా, నాకు పాటలు రావు" అన్నది. నాకు మాత్రం వస్తాయా! ఇద్దరం కలిసి ఒక పాటను ఎంత పాడు చేయవచ్చో అంత పాడు చేశాం. ఎల్లేష్ లోపలి గది నుంచి, "దేవుడు ఓపికగలోడు!" అన్నాడు. మమత పడిపడి నవ్వింది. ఈ పొద్దున కూడా వచ్చింది.

నీ షరతు గురించి మూడు రోజులు ప్రార్థన చేశాను. మొదటి రోజు ఒప్పుకోలేదు. రెండో రోజు ఒక నెల అయితే బాగుంటుందని బేరం పెట్టాను. మూడో రోజు బేరం మానుకున్నాను.

మార్చి తొమ్మిది శనివారం రా. రెండు జతల బట్టలు చాలు. పెద్దక్షరాల బైబిలు మోసుకురావద్దు, మమత వాళ్ల అమ్మది అడిగి పెట్టాను. నల్లగొండ బస్టాండులో ఎల్లేష్ ఎదురుచూస్తాడు.

ఇరవై మూడున, అది కూడా శనివారమే, ఆయనే తిరిగి తీసుకువెళ్తాడు. ఇక్కడి నుంచి నల్లగొండకు ఆరుంబావుకు బస్సు ఉంది. అక్కడ దేవరకొండ బస్సులు ఎనిమిదిన్నరకు ఒకటి, తొమ్మిదింబావుకు ఒకటి. స్వయంగా పోయి కనుక్కుని వచ్చాను. ఎనిమిదిన్నరదే ఎక్కండి. మధ్యాహ్నానికి ఇల్లు చేరి కాస్త పడుకుంటే, ఆదివారం తెల్లవారుజామున మారెమ్మ ప్రార్థన మొదలుపెట్టేసరికి నువ్వు ఆమె పక్కన ఉంటావు.

నీ
స్వర్ణ